మౌలాలి పీరు సవారి

ఖాకీ బట్ట మొండిది. పైపైన నీళ్ళు చిలకరిస్తే లొంగదు. తడిపి, ఉండచుట్టి, కాసేపు పక్కన పడేసి, అది మెత్తబడ్డాక పెట్టె నిండా బొగ్గులు రాజేసి ఒక్క ఊపున లాగాలి. మొగిలయ్యకు ఈ సంగతి చేతులకే తెలుసు. అశోక్‌నగర్‌లో హాస్టళ్ళ సందు మొదట, కరెంటు స్తంభానికి ఆనించిన ఇస్త్రీ బండి మీద కరుణాకర్ ప్యాంటు పరిచి, ఎడమచేత్తో మడత సరిచేస్తూ కుడిచేత్తో పెట్టె నడిపిస్తున్నాడు.

రెండువేల తొమ్మిది డిసెంబరులో ఖాకీ బట్ట తప్ప అతనికి వేరే గిరాకీ లేదు. తెలంగాణ ఇస్తామన్న ఢిల్లీ రెండు వారాలు తిరక్కుండానే నీళ్ళు నమిలింది. రోజూ బందులే. సర్కారు కొలువుల కోసం గదుల్లో మగ్గుతూ చదివే పిల్లలు సగం మంది ఊళ్ళకు పోయారు, సగం మంది జెండాలు పట్టుకుని పోయారు. బాల్కనీ తీగల మీద ఒక్క చొక్కా లేదు. నారాయణగూడ దాకా నడిచి చూసినా మూసిన షటర్లు, వాటి ముందు కుర్చీలేసుకున్న పోలీసులు. "చదివెటోని అంగి పోయి కొట్టెటోని అంగి వచ్చింది నీ బండి మీదికి" అని ఇంటామె కమలవ్వ దెప్పుతూనే ఉంది.

"కాకా, అయ్యిందా?" తువ్వాలు భుజాన వేసుకుని, బనీను మీదే వచ్చాడు కరుణాకర్. సందు చివర మేడమీద గది కిరాయికి తీసుకుని ఉండే కానిస్టేబులు. పెళ్ళికాని వాడు.

"నీ ప్యాంటుకు అయ్యింది. నీకే ఎప్పుడయితదో."

"నాకు పిల్లనెవరిస్తరు కాకా? ఈ దినాలల్ల పోలీసోనికి మంచినీళ్లు గూడ ఇస్తలేరు." నవ్వాడు గాని ఆ నవ్వు సగంలోనే ఆగింది. బండి కొయ్య మీద వేలితో గీతలు గీస్తూ, "కాకా, ఒక మాట. కోపం చెయ్యకు. మీ పీర్ల సవారి ఈసారి లేదంట" అన్నాడు.

మొగిలయ్య పెట్టె ఆపలేదు. ఖాకీ మీద పెట్టె ఆపితే బట్ట మెరుస్తుంది. కాలు చివరి దాకా లాగి, పెట్టెను ఇటుక మీద పెట్టి అప్పుడు తలెత్తాడు.

"ఎవలన్నరు?"

"ఆర్డరొచ్చింది. నూటనలభై నాలుగు ఉన్నది గద, రోడ్డు మీద అయిదుగురు కూడొద్దు. ఈ ఏరియాల బస్తీ పీర్లు ఏవీ లేవద్దని ఖచ్చితంగ చెప్పిన్రు."

"మరి పాతబస్తీల?"

"ఆడిది పెద్ద సవారి. దానికి వేరే బందోబస్తు."

"అంటె పెద్దోళ్ల పండుగకు పోలీసోడు కావలి. మా పండుగకు పోలీసోడు అడ్డం."

కరుణాకర్ తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"సోమవారం మొహర్రం, సర్కారు సెలవే గదరా? క్యాలెండర్ల ఎర్ర అంకె ఉన్నది."

"సెలవు ఉన్నది కాకా. పండుగనే లేదు."

మొగిలయ్య పెద్దగా నవ్వాడు. అతని నవ్వు వినడానికి బాగుండదు, రేకు గీకినట్టు ఉంటుంది. "మంచిగున్నది. పీర్ల పేరు చెప్పి ఆఫీసరు ఇంట్ల పంటడు. పీరేమొ కొట్టంలనే పండాలె."

"నన్నంటె ఏమొస్తది కాకా? నేను కొలువుల చేరిన కాన్నుంచి నాకు అన్ని పండుగలు బందే. దసరాకు డ్యూటీ, బోనాలకు డ్యూటీ. ఊరంత ఎగురుతుంటె నేను తాడు వట్టుకొని నిలవడాలె. మా ఊర్ల మా తాత పీరెత్తెటోడు, ఎరుకేనా? అస్సోయ్ దూలా అని డప్పు కొడితె, చిన్నప్పుడు నాకు కాళ్లు నిలవకపొయ్యేటివి."

మొగిలయ్య ప్యాంటును మడిచి, చొక్కా కింద పెట్టి అందించాడు. మడతలో ఎక్కడా వంక లేదు.

*

చిక్కడపల్లిలో కూరగాయల మార్కెట్టు వెనక సందులో ఉన్న పీర్ల కొట్టం పెద్ద కట్టడమేమీ కాదు. రేకుల కప్పు, మూడు వైపులా గోడ, ముందు పచ్చరంగు తడిక. తడిక ముందు నెలవంక కనబడ్డ నాడు తవ్విన గుండంలో మొద్దు పొగ చిమ్ముతోంది. లోపల గద్దె మీద మూడు పీర్లు. నడుమ ఉన్నది, ఏటా ఊరేగి నీళ్ళకు పోయేది మౌలాలి. అరచేయి ఆకారంలో ఇత్తడి పంజా, దాని కింద మనిషి ఎత్తు టేకు కర్ర, కర్రకు మెడ నుంచి నడుము దాకా జనం కట్టిన దట్టీ గుడ్డలు. ఎర్రవి, పచ్చవి, జరీ అంచువి. ఒక్కో దట్టీ ఒక్కో మొక్కు. పిల్ల పుట్టాలని ఒకరు, జరం తగ్గాలని ఒకరు. కట్టినవాళ్ళలో తురకలెందరో తెలుగువాళ్ళెందరో ఆ సందులో ఎవరూ లెక్కపెట్టలేదు.

ముజావరు జానీమియా ఊదు పళ్ళెం దించి, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కొట్టం కాపు ఆయనది, పీరెత్తడం మొగిలయ్యది. ఆయన తాతా ఇతని తాతా నాటి నుంచి అదే వరస.

"పీర్లను పెట్టెల పెట్టుడే మేలు" అన్నాడు ఈరన్న. మొగిలయ్యకు వరసకు బావమరిది. మార్కెట్టులో ఉల్లిగడ్డ కొట్టు. "ఒక్క ఏడు లేవకుంటె ఏమైతది బావా? లాఠీలు తినుడు అవసరమా?"

"గద్దె మీద నిలవెట్టినంక నీళ్లకు పోకుంట పెట్టెల ఎట్ల పెడుతవ్?" జానీమియా చేయి ఊపాడు. "లేచిన పీరు నీళ్లు జూడాలె బేటా. అప్పుడు సల్లవడ్తది. మా అబ్బ కాలంల కర్ఫ్యూ వడ్డది. అప్పుడు గూడ పొయ్యింది."

"అయితె బావ మోస్తడు. మోస్తుంటె పోలీసోడు గుంజుకుంటడు. అప్పుడు పోలీసోడే నీళ్లకు తీస్కపోతడు. వచ్చే ఏటికాంచి దట్టి వానికే." ఈరన్న పళ్ళికిలించాడు. "గంతే కద కట్టుబాటు? ఎవ్వడు నీళ్లకు చేరుస్తడో, నడుముకు దట్టి వానిది, వాని ఇంటిది. మా తాతకు నడిదోవల జరమొచ్చి కూలవడితె మీ తాత అందుకున్నడు. హక్కు మా ఇంట్లకెల్లి మీ ఇంట్లకు నడిచి వొయ్యింది. నేనేమన్న ఏడ్సిన్నా?"

"ఇరవై ఏండ్ల సంది అదే ఏడుస్తున్నవ్" అన్నాడు మొగిలయ్య.

తడిక దగ్గర నిలబడ్డ శ్రావణ్ కిసుక్కుమన్నాడు. మొగిలయ్య కొడుకు. కోఠిలో బట్టల దుకాణంలో పని. వచ్చే ఏడు పీరు తానే ఎత్తుతానని ఆ కుర్రాడు దుకాణంలో అందరికీ చెప్పుకున్నాడు. మొగిలయ్య కూడా మోకాలు తడుముకుంటూ అదే అన్నాడు. తన నడుము మీది దట్టి విప్పి కొడుకు నడుముకు కట్టే రోజు ఎట్లా ఉంటుందో ఇస్త్రీ పెట్టె లాగుతూ ఎన్నిసార్లు ఊహించుకున్నాడో లెక్కలేదు. చదువు ఇయ్యలేదు, ఇల్లు ఇయ్యలేదు. ఈ ఒక్కటీ ఉంది ఇయ్యడానికి.

"ముందుగాల అడుగుదాం" అని లేచాడు. "అడుగుతె పోయేదేమున్నది? లేదంటె అప్పుడు జూద్దాం."

*

బందోబస్తుకు వచ్చిన బలగాలను సెలవులిచ్చిన ఒక బడిలో దించారు. ఒకటో తరగతి గదిలో, గుణింతాలు రాసిన నల్లబల్ల కింద, ఇన్‌స్పెక్టర్ జోగారావు కూర్చుని ఉన్నాడు. బయటి జిల్లా మనిషి. కళ్ళ కింద నిద్రలేని వాపు. టిఫిన్ పొట్లం సగం తిని పక్కన పెట్టాడు. తలుపు దగ్గర కరుణాకర్ కాపలా. మొగిలయ్యను చూసి చూడనట్టు గోడవైపు తిరిగాడు.

"కూర్చోండి పెద్దాయనా" అన్నాడు జోగారావు, జానీమియా గడ్డం చూసి. కూర్చోవడానికి పిల్లల బల్లలు తప్ప లేవు. ఇద్దరూ మోకాళ్ళు పొట్టకు తగిలేలా కూర్చున్నారు.

సంగతంతా విని ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపాడు. "నాకేమైనా మీ దేవుడి మీద కోపమా చెప్పండి? పైనుంచి ఆర్డరు. ఊరేగింపు మొదలవుతుంది, ఎవడో జెండా పట్టుకొస్తాడు, ఇంకెవడో రాయి విసురుతాడు. రేపు పేపర్లో నా పేరు వస్తుంది, మీ పీరు పేరు రాదు."

"మేము రాళ్లెయ్యం సార్. ఊదేస్తం" అన్నాడు మొగిలయ్య.

జోగారావు అతని వైపు చూశాడు. మాట నచ్చింది, మనిషి నచ్చలేదు. బల్ల మీద చరిచాడు. "ఒక పని చేయండి. ఆటోలో పెట్టుకెళ్ళండి. వెనక ముగ్గురు కూర్చోండి, డ్రైవరుతో కలిపి నలుగురు. చట్టం ప్రకారం కరెక్టు. దోమలగూడ బావేగా? పది నిమిషాల్లో ముంచి తెచ్చేసుకోండి. నేను చూసుకుంటాను."

జానీమియా ముఖంలో ఆశ పొడసూపింది. మొగిలయ్య వైపు తిరిగాడు.

"సార్, మీ ఊర్ల రథం ఉంటదా?" అన్నాడు మొగిలయ్య.

"ఉంటుంది. ఏం?"

"దాన్ని లారీల ఏస్కొని తిప్పుతరా?"

కరుణాకర్ దగ్గు వచ్చినట్టు నోటికి పిడికిలి అడ్డం పెట్టుకున్నాడు. జోగారావు ముఖం గట్టిపడింది.

"మంచిగా చెబితే వినరన్నమాట. సరే. ఆటో కూడా లేదు, ఏమీ లేదు. రోడ్డు మీద పీరు కనిపిస్తే సీజ్ చేస్తాను. వెళ్ళండి."

ఇంటికొచ్చి చెబితే కమలవ్వ చాటలో బియ్యం ఏరుతూ విన్నది. రాయి దొరికితే ఏరి అవతల పారేసింది గాని మాట మాత్రం నోట్లోనే నానబెట్టింది. చివరికి అన్నది:

"ఆటోల పోతె పీరు నీళ్లు చూసేది."

"పీరు సవారి మనిషి భుజం. ఆటో గాదు."

"నీ భుజం గాబట్టి గట్లంటున్నవ్. ఈరన్న భుజమైతె ఆటో ఎక్కియ్యమనేటోనివి."

"ఏం మాటలే అవి?"

"ఉన్న మాటనే. పీరు కోసం కొట్లాడుతున్నవా, హక్కు కోసం కొట్లాడుతున్నవా? జర నువ్వే సోంచాయించుకో." చాట విదిలించి వంటింట్లోకి పోయింది.

మొగిలయ్యకు ఒళ్ళు మండింది. కట్టుకున్నదానికి జవాబు దొరకనప్పుడు మగవాడు చేసే పనే చేశాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. బండి దగ్గరకు వెళ్ళి, రాజేయని పెట్టెను బట్టతో తుడుస్తూ కూర్చున్నాడు. ఎంత తుడిచినా ఆ మాట పోలేదు.

*

మొహర్రం పదో నాడు పొద్దున్నే మొగిలయ్య తలస్నానం చేసి, తెల్ల ధోవతి కట్టి, కొట్టం ముందు నిలబడ్డాడు. జానీమియా అతని నడుముకు పచ్చ దట్టి బిగించాడు. సందులో జనం ఉన్నారు గాని ఎవరి గడపలో వాళ్ళు. డప్పులవాళ్ళు డప్పులు తెచ్చి, కొట్టకుండా గోడకు పెట్టుకుని కూర్చున్నారు.

"నేనొక్కణ్ణే పోత" అన్నాడు మొగిలయ్య. "ఒక్కడు నడిస్తె నూటనలభై నాలుగు ఏం జేస్తది? ఎవ్వలు నా ఎనక గుంపు కట్టొద్దు."

ఇక్కడే అతను తప్పు లెక్క వేశాడు. పీరు లేచాక ఒక్కడుగా నడవడం ఎవరి తరమూ కాదు. కర్ర అతని చేతికి రాగానే మొదటి గడపలో ముసలామె బిందెతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద కుమ్మరించింది. రెండో గడపలో కుడుకలు. మూడో గడపలో పసిపిల్లను పీరు కింద నుంచి దాటించి తీసుకున్నారు. దాటించినవాళ్ళు మళ్ళీ గడపెక్కలేదు. దూరం దూరంగా, అటు గోడ వారగా ఒకరు, ఇటు గోడ వారగా ఒకరు, పని మీద పోతున్నట్టు నడిచారు. ఒకామె చేతిలో సంచి పట్టుకున్నది, కూరగాయలకు పోతున్నట్టు. సంచిలో బెల్లం ఉంది. ఎవరూ "దూలా" అనలేదు. చప్పుడు లేని సవారి ఆ బస్తీ ఎన్నడూ చూడలేదు. మొగిలయ్య కాళ్ళ కింద తడి చప్పుడు, దట్టీల గరగర, అంతే.

అశోక్‌నగర్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా ఇనుప కంచెలు పెట్టారు. వాటి వెనక వరసగా పోలీసులు. పక్కన జీపు.

మొగిలయ్య కంచె ముందు దాకా వచ్చి ఆగాడు.

"వెనక్కి" అన్నాడు జోగారావు.

"నేను పోత సార్. పీరు ఎనుకకు తిరగదు."

"అయితే అక్కడే కింద పెట్టు."

"నేలకు ఆనియ్యద్దు సార్."

"మరి ఏం చేస్తావ్?"

"నిలవడ్త."

నిలబడ్డాడు. పొద్దు పైకెక్కింది. డిసెంబరు ఎండే అయినా ఇత్తడి పంజా మీద పడి కంట్లోకి కొట్టింది. టేకు కర్ర బరువు మొదట అరచేతుల్లో ఉంటుంది, తర్వాత మోచేతుల్లోకి దిగుతుంది, ఆ తర్వాత నడుములోకి. నడుస్తుంటే ఆ బరువు కాళ్ళకింత పంచుకుంటుంది. నిలబడితే ఎక్కడిదక్కడే పేరుకుంటుంది. ఇన్నేళ్ళలో మొగిలయ్య పీరుతో నడిచాడు, ఎగిరాడు, గుండం తొక్కాడు. నిలబడటం మాత్రం ఇదే మొదలు. మోకాలు వణకడం మొదలైంది. ధోవతి అంచు ఆ వణుకును దాచలేకపోయింది.

వెనక జనం చిక్కబడ్డారు. పని మీద పోతున్నవాళ్ళెవరూ ముందుకు పోలేదు, వెనక్కీ పోలేదు. హాస్టళ్ళలో మిగిలిన పిల్లలు మేడల మీద నుంచి చూస్తున్నారు. శ్రావణ్, వాడి దోస్తులు కంచె దగ్గరికి జరిగారు.

"నాయినా, ఇటియ్యి. నేనెత్తుక దుంకుత. ఆళ్లేం జేస్తరో జూస్త."

పోలీసుల వరసలో లాఠీలు భుజం ఎత్తుకు లేచాయి. వాటి వెనక ఎవడో ఈల వేశాడు. ఒక్క అడుగు తేడా. ఆ అడుగు పడితే ఏమవుతుందో మొగిలయ్యకు కళ్ళకు కట్టింది. కొడుకు తల పగులుతుంది, జనం ఉరుకుతారు, ఆ తోపులాటలో మౌలాలి రోడ్డు మీద పడుతుంది. తొక్కుతారు.

"ఆగురా!" అన్నాడు. గొంతు పగిలిన చప్పుడుకు శ్రావణ్ కాలు ఆగింది.

జోగారావు కూడా భయపడ్డాడు. భయపడ్డ ఆఫీసరు అరుస్తాడు. "చాలు ఈ నాటకం! కరుణాకర్, తీస్కో దాన్ని. లాక్కో! క్యాంపులో పెట్టు."

కరుణాకర్ కదల్లేదు.

"వినపడిందా?"

కరుణాకర్ కంచె సందులోంచి ఇవతలికి వచ్చాడు. మొగిలయ్యకు మూరెడు దూరంలో ఆగి, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు: "కాకా, నేను గుంజ. నువ్వియ్యకుంటె నేను ముట్ట. కొలువు పోతె పోనీ."

మొగిలయ్య వాడి ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఆశ లేదు, దురాశ అసలే లేదు. పైనుంచి ఆర్డరు, కింద నుంచి తాత. నడుమ చిక్కిన పిల్లగాడు. ఇస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తెలియనిది ఇన్‌స్పెక్టర్‌కు ఒక్కడికే.

పక్కన ఈరన్న కనబడ్డాడు. ఈరన్న కళ్ళు పీరెత్తిన చేతుల మీదే ఉన్నాయి, పీరు మీద లేవు. తాను కూడా ఈ ఇరవై ఏళ్ళూ చూసింది అక్కడేనా? కమలవ్వ చాటలో రాళ్ళు ఏరుతున్న చప్పుడు వినబడ్డట్టయింది. కొడుకు వైపు చూడలేదు. చూస్తే ఇయ్యలేడు.

"గుంజుడు లేదు" అన్నాడు. "నేనే ఇస్తున్న. వట్టు."

కరుణాకర్ చేతులు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "జర ఆగు కాకా. బూట్లున్నయ్." చౌరస్తా నడుమ మోకాలి మీద కూర్చుని లేసులు విప్పాడు. బూట్లు, మేజోళ్ళు, నడుముకున్న తోలుబెల్టు, తల మీది టోపీ ఒక్కొక్కటీ పక్కన పెట్టాడు. జోగారావుకు అర్థం కాక మిగతా పోలీసుల వైపు చూశాడు. వాళ్ళలో సగం మంది కిందికి చూస్తున్నారు.

కర్ర చేతులు మారింది. మొగిలయ్య అరచేతుల్లో ఇన్నేళ్ళలో ఎన్నడూ లేని ఖాళీ. ఆ ఖాళీతోనే నడుము మీది పచ్చ దట్టి విప్పి, ఖాకీ చొక్కా మీద చుట్టి ముడి వేశాడు. జానీమియా ఊదు పళ్ళెం మొగిలయ్య చేతిలో పెట్టాడు.

కరుణాకర్ కళ్ళు మూసి తెరిచాడు. కంచె సందులోంచి అవతలికి దాటాడు. ఎడమకు తిరిగితే బడి. అతను తిరగలేదు. నేరుగా దోమలగూడ వైపు నడిచాడు.

"ఏయ్ కరుణాకర్! క్యాంపు ఇటు!"

"క్యాంపుల నీళ్లు లేవు సార్."

"ఏంటీ?"

కరుణాకర్ ఆగలేదు, పీరును ఆపకూడదు గనక. నడుస్తూనే, మెడ తిప్పకుండా, గట్టిగా చెప్పాడు: "మీరే తీస్కోమన్నరు సార్, తీస్కున్న. పీరు వట్టినోడు నీళ్లదాకా పోవాలె. అచ్చినంక మెమో ఇయ్యున్రి, ఏదిస్తె అది తీస్కుంట."

జోగారావు నోరు తెరిచాడు. ఏమని అరవాలి? ఖాకీ తొడుక్కున్నవాణ్ణి ఖాకీలే కొట్టాలా, ఇంత జనం ముందు? అప్పుడే జీపులో వైర్‌లెస్ గరగరలాడింది. చౌరస్తాలో ఏం జరుగుతోందని పైనుంచి అడుగుతున్నారు. అతను మైకు తీసి ఒక క్షణం పట్టుకుని నిలబడ్డాడు.

"సర్, అంతా కంట్రోల్లోనే ఉంది. పీరు మన కానిస్టేబుల్ చేతిలోనే ఉంది సర్. ఎస్కార్ట్‌తో వెళుతోంది. ఓవర్."

మైకు పెట్టేసి, ఎవరి ముఖమూ చూడకుండా, "ఇద్దరు వాడి పక్కన నడవండి" అన్నాడు.

ఇద్దరు పోలీసులు చెరో పక్క చేరారు. మొగిలయ్య ముందు ఊదు పట్టాడు. కంచెలు ఎవరు జరిపారో తెలియదు. మేడ మీది పిల్లల్లో ఒకడు ముందుగా అన్నాడు, "అస్సోయ్..." సందుల్లోంచి, గోడల వారల నుంచి, సంచులు పట్టుకున్న ఆడవాళ్ళ నుంచి ఒక్కసారిగా లేచింది, "దూలా!" వెనకెక్కడో డప్పు మోగింది. ఖాకీ ప్యాంటు కింది ఉత్త కాళ్ళు ఆ దెబ్బకు తాళం తప్పకుండా లేచాయి.

మొగిలయ్య వెనక్కి తిరిగి చూస్తే శ్రావణ్ వస్తున్నాడు. ముఖం ఎర్రగా ఉంది, కళ్ళు నిండి ఉన్నాయి. పోలీసు బూట్లు రెండూ లేసులతో కలిపి ముడివేసి భుజాన వేసుకున్నాడు. టోపీ, బెల్టు చంకలో ఉన్నాయి.

*

దోమలగూడలో పాత దేవిడీ బంగళా వెనక బావికి మెట్లున్నాయి. నాచు పట్టిన ఆఖరి మెట్టు మీద కూర్చుని దట్టీలన్నీ విప్పి, కర్రనుంచి పంజా ఊడదీసి, చింతపండుతో తోమారు. కరుణాకర్ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మూడు మునకలు వేయించాడు. ఇత్తడి పసుపు తేలింది. ప్యాంటు నడుము దాకా తడిసి, మొగిలయ్య పెట్టిన మడతలు ఎక్కడివక్కడ పోయాయి.

కమలవ్వ ఆడవాళ్ళతో కలిసి బెల్లం షర్బతు కలిపింది. పోలీసులకు ముందు ఇచ్చింది. ప్రహరీ బయట జీపు ఆగి ఉంది. జోగారావు దిగలేదు. ఆమె గ్లాసు తీసుకుని అక్కడికీ పోయింది.

"నాకొద్దమ్మా" అన్నాడు.

"పీరు సల్లవడ్డది సార్. మీరు గూడ సల్లవడున్రి" అంది. అతను గ్లాసు అందుకున్నాడు. సగం తాగి, ఆగి, మిగతా సగం కూడా తాగాడు.

బావి గట్టున ఈరన్న మొగిలయ్య పక్కకు చేరి చెవిలో గుసగుసలాడాడు. "పాయె బావా. మీ ఇంట్లకెల్లి గూడ పాయె. ఇగ మనిద్దరం ఒక్కటే."

"మనిద్దరం ఒక్కటి గాదు" అన్నాడు మొగిలయ్య. "మీ తాత చేతులకెల్లి జారింది. నా చేతులకెల్లి నేనిచ్చిన."

ఈరన్న గట్టు దిగి షర్బతు తెచ్చుకోవడానికి పోయాడు.

జానీమియా పంజాను తెల్లగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెట్టెలో పెట్టేముందు ప్రతి ఏడూ అడిగే మాట అడగాలి. ఎత్తిన ఇంటి పేరు పదిమంది వినేలా చెప్పాలి. అది చెప్పడం ఆ ఇంటి పెద్ద పని. ఆయన గొంతు సవరించుకుని, అలవాటుగా మొగిలయ్య వైపు చూసి, నాలిక్కరుచుకుని కరుణాకర్ వైపు తిరిగాడు.

"ఈ ఏడు మౌలాలి పీరును నీళ్లకు చేర్చింది ఎవలు?"

తడిబట్టలతో గజగజ వణుకుతూ కరుణాకర్ బిక్కమొగం వేశాడు. "కాకా పేరే చెప్పు చాచా. నాదేమున్నది? నేను సర్కారు మనిషిని, రేపు యాడికి బదిలీ చేస్తరో..."

"అబద్ధం చెప్పద్దు" మొగిలయ్య లేచి నిలబడ్డాడు. ప్రహరీ అవతల జీపు దాకా వినబడేలా, రేకు గీకినట్టుండే ఆ గొంతుతోనే అన్నాడు:

"రాసుకోన్రి, యాదుంచుకోన్రి. ఈ ఏడు మౌలాలిని మోసింది సర్కారు."

బావి లోపలి నుంచి పైదాకా నవ్వు లేచింది. కాపలాకొచ్చిన పోలీసులిద్దరూ ఖాళీ గ్లాసులు ముఖాలకు అడ్డం పెట్టుకుని నవ్వారు. శ్రావణ్ కూడా, ముక్కు తుడుచుకుంటూ.

"మరి వచ్చే ఏడు సర్కారు రాకుంటె?" అని జానీమియా అడిగాడు, నవ్వుతూనే.

"ఎట్ల రాదు?" అన్నాడు మొగిలయ్య. "దట్టి కట్టిన. నేనే ఠాణాకు పోయి పిలుస్త."

జానీమియా తలూపి, పెట్టె మూత తెరిచాడు.